ఫ్యాన్ తిరగడం లేదంటే మోటార్ పోయినట్టేనా?

చిరంజీవి అల్లుడికి,



మీ షెడ్డుకి వచ్చిన పాత మారుతి 800 సంగతి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కార్బ్యురేటర్ మోడల్, ఓనరు స్కూలు మాస్టారు. హైవే మీద ఏ గొడవా లేదు. ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, టెంపరేచర్ సూది పైకి లేస్తోందట. ఫ్యాన్ తిరగడం లేదని ఇంకో చోట కొత్త మోటార్ వేశారట. అయినా తిరగలేదు. ఇప్పుడు ఇంకో మోటార్ తెప్పించాలా వద్దా అని మీరంతా తర్జనభర్జన పడుతున్నారట. తెప్పించే ముందు ఇది చదువు.

మాస్టారు చెప్పిన ముక్కలోనే సగం పని అయిపోయింది. బండి గంటకు 50, 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఆగిందంటే భారమంతా ఫ్యాన్ మీద పడుతుంది. కాబట్టి నిలబడితే వేడెక్కి, పరుగెత్తితే చల్లబడే బండిలో మొదటి అనుమానం ఫ్యాన్ మీదే. హైవే మీద వేడెక్కే బండి లెక్క వేరు. అక్కడ పూడుకుపోయిన రేడియేటర్, తగ్గిన కూలెంట్, సరిగా తెరుచుకోని థర్మోస్టాట్ వాల్వ్, వాటర్ పంపు చూడాలి.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని బళ్లలో ఇంజన్ నిలువుగా ఉంటుంది. దాని పుల్లీ రేడియేటర్‌కి ఎదురుగా ఉంటుంది గనక బెల్టే ఫ్యాన్‌ని తిప్పేది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800లో 796 సీసీ ఇంజన్ అడ్డంగా కూర్చుంది. పుల్లీ ముందు చక్రం వైపు తిరిగిపోయింది. అందుకని కరెంటు మోటార్, దాన్ని వేడిని బట్టి తిప్పే థర్మో స్విచ్ వచ్చాయి. ఇంజన్ తిరిగినంతసేపూ ఫ్యాన్ తిరగాల్సిన పని తప్పింది. తిరగకపోవడానికి మాత్రం కారణాలు పెరిగాయి.

మన ఎండల్లో ఫ్యాన్ లోపం తొందరగా బయటపడుతుంది. రేడియేటర్ వదిలే వేడి, కూలెంట్‌కీ బయటి గాలికీ మధ్య ఉన్న తేడాని బట్టి ఉంటుంది. కూలెంట్ 95 డిగ్రీలు, గాలి 25 డిగ్రీలు ఉంటే తేడా 70. అదే విజయవాడ మే నెలలో గాలి 45 డిగ్రీలు ఉంటే తేడా 50కి పడిపోతుంది. అంటే అదే రేడియేటర్, అదే గాలివాటంతో, పావు వంతుకి పైగా తక్కువ వేడిని బయటికి పంపుతుంది. చలికాలంలో ఎవరూ పట్టించుకోని ఫ్యాన్ ఏప్రిల్‌లో బండిని షెడ్డుకి తీసుకొస్తుంది. అప్పటికీ చూసుకోకపోతే అల్యూమినియం హెడ్ వంగి, గ్యాస్కెట్ పోయి, ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

చెయ్యి పెట్టే ముందు రెండు జాగ్రత్తలు. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకూడదు. మూత బిగించి ఉంటే లోపల 0.9 బార్ దాకా ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీలదాకా మరగవు. మూత తెరిచిన క్షణమే మరిగి మొహం మీదికి తన్నుకొస్తాయి. రెండోది, కొన్ని పాత బళ్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాన్ దానంతటదే తిరగడం మొదలెడుతుంది. రెక్కల దగ్గర చెయ్యి పెట్టాలంటే ముందు ఫ్యాన్ కప్లర్ ఊడదియ్యాలి.

ఇక వెతుకులాట. బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే, మోటార్, ఎర్త్. కరెంటు నడిచే దారి ఇదే. రిలే లేని పాత వైరింగ్‌లో థర్మో స్విచ్చే మోటార్ కరెంటుని నేరుగా మోస్తుంది. ఆ బండికి ఏది ఉందో వైరింగ్ డయాగ్రంలో చూసుకోవాలి. ఈ దారిలో కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో తెలిశాకే సామాను కొనాలి.

ముందుగా ఫ్యూజు. చూపుకి బాగుందని వదిలెయ్యొద్దు. తాళం ఆన్ చేసి, టెస్ట్ ల్యాంప్‌తో దాని రెండు కాళ్లూ ముట్టి చూడాలి. ఒక వైపు వెలిగి రెండో వైపు వెలగకపోతే పోయినట్టే. కొత్తది వేసినప్పుడు అదే ఆంపియర్లది వెయ్యాలి. బ్లేడ్ ఫ్యూజుల్లో 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. పసుపుది మాటిమాటికీ పోతోందని ఆకుపచ్చది పెడితే రేపు ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. మాటిమాటికీ పోవడమంటే మోటార్ బుష్ పట్టేసి ఎక్కువ కరెంటు లాగుతోందని గానీ, వైరు ఎక్కడో బాడీకి రాసుకుంటోందని గానీ అర్థం.

తర్వాత మోటార్. కప్లర్ ఊడదీసి, మధ్యలో ఫ్యూజు కట్టిన రెండు వైర్లతో బ్యాటరీ నుంచి సూటిగా కరెంటు ఇవ్వాలి. తిరిగిందా, మోటార్‌ని వదిలెయ్. తిరగకపోతే స్క్రూడ్రైవర్ పిడితో మోటార్ వెనక మెల్లిగా తట్టి చూడాలి. తట్టగానే తిరిగితే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయని తెలుస్తుంది. అసలు వెయ్యబోతున్న కొత్త మోటార్‌ని బల్ల మీదే ఇలా తిప్పి చూడటం రెండు నిమిషాల పని.

ఏసీ ఉన్న బండి అయితే ఇంకో దగ్గరి దారి ఉంది. ఒకే ఫ్యాన్ రెండు పనులూ చేసే వైరింగ్‌లో ఏసీ వెయ్యగానే ఫ్యాన్ తిరిగి, ఇంజన్ వేడెక్కినప్పుడు మాత్రం తిరగకపోతే, మోటార్, ఎర్త్ బాగున్నాయి. తప్పు థర్మో స్విచ్ వైపు ఉంది.

థర్మో స్విచ్‌ని చూడటం తేలిక. రెండు వైర్ల స్విచ్ అయితే దాని కప్లర్ ఊడదీసి, తాళం ఆన్ చేసి, కప్లర్‌లోని రెండు పిన్నులనీ చిన్న వైరు ముక్కతో కలపాలి. ఫ్యాన్ తిరిగితే దారంతా బాగుంది, స్విచ్చే కలవడం లేదు. స్విచ్ ఊడదీసి గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటర్ పెట్టి, మీటర్‌తో కంటిన్యుటీ చూడొచ్చు. ఎన్ని డిగ్రీలకి కలవాలో చాలావాటికి ఒంటి మీదే రాసి ఉంటుంది. మామూలుగా 90కి పైన, 100కి లోపు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకి పైన ఉంది కాబట్టి అక్కడ మూతలేని గిన్నెలో నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. ఆ అంకెకి దగ్గర్లో ఉన్న స్విచ్ గిన్నెలో కలవలేదని పారెయ్యకూడదు. మరో సంగతి: రేడియేటర్ పనయ్యాక సరిగా గాలి తియ్యకపోతే స్విచ్ చుట్టూ కూలెంట్ బదులు గాలి నిలిచిపోతుంది. ఇంజన్ ఉడికిపోతున్నా స్విచ్‌కి ఆ కబురు అందదు.

ఎంపీఎఫ్‌ఐ (పెట్రోలు ఇంజెక్షన్) మోడళ్లలో ఫ్యాన్ వేసే పని సెన్సర్ చూసి ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) చేస్తుంది. అక్కడ పిన్నులు కలిపే ప్రయోగం చెయ్యొద్దు.

రిలేకి నాలుగు కాళ్లు: 85, 86 కాయిల్‌వి, 30, 87 కాంటాక్ట్‌వి. టక్‌మంటే కాయిల్ బాగుందని మాత్రమే అర్థం. లోపలి కాంటాక్ట్ నల్లబడి ఉంటే చప్పుడు వస్తుంది గానీ కరెంటు దాటదు. 30 దగ్గర, 87 దగ్గర విడివిడిగా చూడాలి.

అన్నీ బాగున్నా ఫ్యాన్ తిరగని బండి ఒకటి ఉంటుంది. ఒంగోలు వైపు ఒక 800లో అదే జరిగింది. కప్లర్ ఊడదీసి మీటర్ పెడితే 12.4 వోల్టులు. మోటార్‌కి బ్యాటరీ నుంచి ఇస్తే బ్రహ్మాండంగా తిరుగుతుంది. కప్లర్ తగిలిస్తే కదలదు. మీటర్ లాగే కరెంటు నామమాత్రం. ఒక్క తీగ పోగు మిగిలినా, సన్నటి తుప్పు పొర మీద నుంచైనా అది 12 వోల్టులు చూపిస్తుంది. 100 వాట్ల మోటార్‌కి మాత్రం 8 ఆంపియర్లు దాటాలి. దారిలో ఎక్కడో 0.3 ఓమ్‌ల అడ్డు ఉన్నా 2.4 వోల్టులు అక్కడే పోతాయి. ఆ జాగాలో దాదాపు 19 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత వేడి అది. కొన్ని బళ్లలో కప్లర్ గోధుమరంగుకి మారి, పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉండటానికి కారణం ఇదే.

అలాంటప్పుడు కప్లర్ తగిలించే ఉంచి, దాని వెనక నుంచి పిన్ను గుచ్చి కొలవాలి. ఆ బండిలో మీటర్ ఒక కొసని బ్యాటరీ నెగటివ్‌కి, రెండో కొసని మోటార్ నల్ల వైరుకి పెడితే 11 వోల్టులకి పైగా చూపించింది. సున్నాకి దగ్గరగా ఉండాల్సిన చోటు అది. ఎర్త్ వైరు వెంట పోతే రేడియేటర్ పక్కన బాడీకి బిగించిన బోల్టు. అంతకుముందే టింకరింగ్, పెయింటింగ్ అయింది. కొత్త రంగు మీదే ఎర్త్ లగ్గు పెట్టి బిగించారు. ఎమరీ పేపర్‌తో రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, వాషర్ వేసి బిగిస్తే ఫ్యాన్ తిరిగింది. ఖర్చు లేని రిపేరు. మీటర్ లేకపోతే 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టుకో. కరెంటు నిజంగా లాగుతుంది కాబట్టి పైపై వోల్టేజి దాన్ని మోసం చెయ్యలేదు.

తప్పు దొరక్కపోతే చాలా షెడ్డుల్లో చేసేది ఒకటుంది: ఫ్యాన్‌ని ఇగ్నిషన్‌కి 'డైరెక్ట్' ఇచ్చెయ్యడం. కొందరు థర్మోస్టాట్ వాల్వ్ కూడా పీకేస్తారు. ఓనరు ఆ రోజుకి సంతోషంగానే వెళ్తాడు. కానీ ఇంజన్ వెచ్చబడటానికి ఎక్కువసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, బ్రష్‌లు తొందరగా అరుగుతాయి. రిలే లేకుండా ఇస్తే మోటార్ కరెంటంతా ఇగ్నిషన్ స్విచ్ మీద పడి దాని కాంటాక్ట్‌లు మాడతాయి. నడిరోడ్డు మీద ఇంటిదాకా చేరడానికి డైరెక్ట్ ఇస్తే ఇచ్చావు గానీ, మధ్యలో ఫ్యూజు ఉండాలి. మర్నాడు దాన్ని తీసెయ్యాలి.

ఫ్యాన్ తిరిగాక గాలి ఎటు పోతోందో చూడు. రేడియేటర్ వెనక ఉన్న ఫ్యాన్ గాలిని ముందు నుంచి లోపలికి లాగాలి. ముందు వైపు కాగితం పెడితే అతుక్కోవాలి. ఎగిరిపోతే కప్లర్‌లో రెండు వైర్లూ తారుమారయ్యాయి, మోటార్ వెనక్కి తిరుగుతోంది.

చివరగా ఏసీ ఆపి, బండిని నిలబెట్టి ఐడిల్‌లో ఉంచు. ఫ్యాన్ దానంతటదే వేసుకోవాలి, సూది కాస్త దిగాక ఆగాలి, మళ్లీ వేసుకోవాలి. ఇలా రెండు మూడుసార్లు జరిగేదాకా బానెట్ దించొద్దు. తిరుగుతున్నప్పుడు మోటార్ దగ్గర ఎన్ని వోల్టులు వచ్చాయో జాబ్ కార్డు మీద రాయి. మర్నాడు పొద్దున, ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీసి కూలెంట్ మట్టం చూసి, తగ్గితే నింపు.

ఇట్లు,
మీ మామయ్య