‘నా ల్యాప్‌టాప్‌లో రన్ అవుతోంది’ అంటే చాలదు

రెజ్యూమెలో ‘పైథాన్’ అని ఒక్క మాట రాసి ఊరుకునేవాళ్లే ఎక్కువ. ఏ పైథాన్ అని అడిగితే తడబడతారు. ఆ ప్రశ్న ఇంటర్వ్యూలో రాకపోయినా ఉద్యోగంలో చేరాక తప్పదు. అమీర్‌పేటలో కోర్సు చేస్తూ మీరు సరికొత్త వెర్షన్ వేసుకుని ఉంటారు. క్లయింటు సర్వర్ మీద రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 ఉంటే అందులో సిస్టమ్ పైథాన్ 3.6. ఉబుంటు 22.04లో 3.10, 24.04లో 3.12. బాగా నడుస్తున్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న సర్వర్‌ను మీ కోసం ఎవరూ మార్చరు.

3.10లో వచ్చిన మ్యాచ్ స్టేట్‌మెంట్‌తో రాసిన ఫైలు 3.9లో సింటాక్స్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అది నయం, వెంటనే తెలుస్తుంది. అసలు చిక్కు పాత కోడ్‌ను కొత్త వెర్షన్‌కు తెచ్చినప్పుడు. స్టాండర్డ్ లైబ్రరీ నుంచి 3.12లో డిస్ట్‌యుటిల్స్‌ను, 3.13లో టెల్నెట్‌లిబ్, సీజీఐలను తీసేశారు. వాటిలో ఒకదాన్ని ఏ మూలనున్న ఫంక్షనో ఇంపోర్ట్ చేసుకుంటోందనుకోండి, ఆ ఫంక్షన్‌ను పిలిచేదాకా ప్రోగ్రామ్ చక్కగానే నడుస్తుంది. పిలిచేది కస్టమర్ అయితే ఫోన్ మీకే వస్తుంది.

3.9 నుంచి ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ విడుదలవుతోంది. ఒక్కోదానికి సుమారు 5 ఏళ్ల మద్దతు ఉంటుంది. 3.8 గడువు 2024 అక్టోబరులో ముగిసింది. అన్నిటి మీదా పరీక్షించాలని లేదు. మీరు పనిచేస్తుందని మాటిచ్చే అతి పాత వెర్షన్, అతి కొత్తది, మధ్యలో ఒకటి చాలు.

ముందు పైటెస్ట్‌తో టెస్టులు రాయండి, అవి లేకుండా ఎన్ని వెర్షన్లున్నా దండగే. లినక్స్‌లో, మ్యాక్‌లో పైఎన్వ్‌తో పలు వెర్షన్లు పక్కపక్కనే ఉంచుకోవచ్చు. 2024లో వచ్చిన యూవీ విండోస్‌లోనూ ఈ పని చాలా వేగంగా చేస్తుంది. ఆపైన టాక్స్. కాన్ఫిగరేషన్ ఫైలులో కావలసిన వెర్షన్లు రాసి ఒక్క కమాండ్ ఇస్తే, ఒక్కోదానికి విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ కట్టి, మీ ప్యాకేజీని అందులో ఇన్‌స్టాల్ చేసి టెస్టులు నడుపుతుంది. ఫలితాలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. మిషన్‌లో లేని వెర్షన్‌ను టాక్స్ వదిలేసి ‘స్కిప్’ అని చూపించవచ్చు. స్కిప్ అంటే పాస్ కాదు. తొందరలో ఈ తేడా చూడనివాళ్లు చాలామంది.

గిట్‌హబ్ యాక్షన్స్ ఇదంతా చేస్తుంది కదా, సొంత మిషన్‌లో ఎందుకు అంటారా? చిన్న కామా తప్పుకు కూడా పుష్ చేసి ఎదురుచూడటం విసుగు పుట్టిస్తుంది. తప్పు ఇంట్లోనే పట్టుకుని, తుది తనిఖీ అక్కడ పెట్టుకోవడం మంచి పద్ధతి. విండోస్, లినక్స్ మధ్య తేడాలు ఎలాగూ అక్కడే బయటపడతాయి.

నా లెక్కలో ఇంకో సర్టిఫికెట్ కంటే మూడు వెర్షన్లలో పాసైన చిన్న ప్రాజెక్టు ఎక్కువ. మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును ఈ వారమే టాక్స్‌తో నడిపి చూడండి. ఏదైనా వెర్షన్‌లో ఫెయిలైతే సరిదిద్దండి. ఆ కమిట్‌ను దాచకుండా గిట్‌హబ్‌లో ఉంచండి, ఇంటర్వ్యూలో దాని గురించే మాట్లాడండి.