ఇనుపకడ్డీ తూకము

గణితము పరీక్ష గట్టెక్కుటకే గాని గృహకృత్యములకు అక్కరకు రాదని మా విద్యార్థులు కొందఱు తలంచుచుందురు. వారికి తాపీమేస్త్రుల సూత్రమొకటి చూపగోరుచున్నాము.

మన విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగెను; 1992లో అది జాతికి అంకితమయ్యెను. ఇచ్చట ఇనుమును చూడని బాలుడు లేడు. గాజువాక దారిని కడ్డీలు మోయు లారీలను లెక్కించుచు బడికి వచ్చువారును కలరు! ఆ కడ్డీలను కొట్లలో తూకమునకు అమ్ముదురు. మేస్త్రి మాత్రము ఇన్ని కడ్డీలు కావలయునని చెప్పును. ఈ రెంటిని కలుపు సూత్రమిది: కడ్డీ వ్యాసమును మిల్లీమీటర్లలో గ్రహించి, దానిని దానిచేతనే గుణించి, 162 చేత భాగింపవలెను. ఒక మీటరు కడ్డీ ఎన్ని కిలోలో తెలియును.

12 మి.మీ. కడ్డీకి 144ను 162 చేత భాగింపగా 0.889 వచ్చును. కడ్డీ పొడవు 12 మీటర్లైనచో బరువు 10.67 కిలోలు, ఏబది కడ్డీలకు 533 కిలోలు. చీటీలో 600 అని వ్రాసియున్నచో కాటాను మరల చూపుమని అడుగవలసినదే. స్వల్పమైన హెచ్చుతగ్గులను నియమములు ఒప్పును గాని అంతటి భేదమును ఒప్పవు.

ఈ 162 ఎచ్చటిది? వృత్తవైశాల్యమునకు వ్యాసవర్గమును 0.7854 చేత గుణింతుము. ఘనమీటరు ఉక్కు 7850 కిలోలు. ఈ రెంటి లబ్ధము 6165. చదరపు మీటరునకు పదిలక్షల చదరపు మిల్లీమీటర్లు గనుక పదిలక్షలచే భాగింపగా 0.006165, అదియే ఇంచుమించు 162వ వంతు.

డబ్బు నష్టము కంటె ఘోరమైనది వేఱొకటి కలదు. 16 మి.మీ. కడ్డీ దొరకనప్పుడు 8 మి.మీ. కడ్డీలు రెండు వేసిన చాలునని చెప్పువారు కలరు. ఎనిమిదియు నెనిమిదియు పదునాఱే గదా! కాని 8 వర్గము 64, రెంటికి 128. 16 వర్గము 256. అనగా దూలములో సగము ఇనుమే పడినది. పైకి సిమెంటు పూసిన పిమ్మట ఎవరి కంటికిని కనబడదు. దాని క్రిందనే ఇంటిల్లిపాదియు నిద్రింపవలెను. నాలుగు వేసినచో ఇనుము సరిపోవును గాని, వానిని ఎచ్చట ఎట్లు అమర్చవలెనో ఇంజనీరే నిర్ణయింపవలెను.

ఇక 16 మి.మీ. కడ్డీ యొకదానికి బదులు 10 మి.మీ. కడ్డీలు ఎన్ని వేసిన ఇనుము తగ్గకుండునో చదువరులు కట్టి చూడవలెను.