పాఠం 14: వెనుక వరుస ఆటగాడు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• ఫుట్‌బాల్‌లో డిఫెండర్ చేసే పనిని వివరించగలుగుతారు.
• సయ్యద్ నయీముద్దీన్ క్రీడాజీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
• ఆటను వృత్తిగా ఎంచుకున్నవారికి చదువు ఎందుకు అవసరమో కారణాలతో రాయగలుగుతారు.

14.1 పరిచయం

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని భిలాయ్ పేరు మీరు వినే ఉంటారు. సోవియట్ యూనియన్ సహకారంతో కట్టిన ఉక్కు కర్మాగారం అక్కడ ఉంది. దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పని కోసం శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు వెళ్లి అక్కడ స్థిరపడ్డాయి. ఈ పాఠం చదువుతున్న మీరు కూడా ఆ ఊళ్లోని ఏదో ఒక సెక్టారులో ఉంటున్నవారే కావచ్చు.

కర్మాగారంలో రాత్రి షిఫ్టులో మరమ్మతు పని చేసే కార్మికుణ్ణి తలచుకోండి. యంత్రం ఆగితే అందరూ ఆయన కోసమే వెతుకుతారు. ఆగకుండా నడిచినంతకాలం ఆయన ఒకడున్నాడన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఫుట్‌బాల్‌లో డిఫెండర్ పని కూడా అలాంటిదే. గోల్ కొట్టినవాడి పేరు పత్రికలో వస్తుంది. గోల్ పడకుండా ఆపినవాడి పేరు చాలాసార్లు రాదు. అటువంటి ఒక ఆటగాడి జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

14.2 డిఫెండర్ చేసే పని

ఒక్కొక్క జట్టులో 11 మంది ఆడతారు. వారిలో ఒకరు గోల్‌కీపర్. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. ఇంత ఖాళీని ఒక్క మనిషి కాయడం కష్టం. అందుకే బంతి అక్కడిదాకా రాకుండా ముందే అడ్డుకునేవారు కావాలి. వారే డిఫెండర్లు.

డిఫెండర్ ముఖ్యంగా మూడు పనులు చేస్తాడు.

(అ) ప్రత్యర్థిని విడవకుండా కనిపెట్టి ఉంటాడు.
(ఆ) సమయం చూసి కాలితోనో, తలతోనో బంతిని అడ్డుకుంటాడు.
(ఇ) దొరికిన బంతిని తనవారికి అందిస్తాడు.

వీటిలో రెండవది చాలా కష్టం. గోల్ ముందు 16.5 మీటర్ల లోతున పెనాల్టీ ప్రాంతం ఉంటుంది. అందులో డిఫెండర్ తొందరపడి ప్రత్యర్థిని పడగొడితే, ఎదుటి జట్టుకు పెనాల్టీ దక్కుతుంది. 11 మీటర్ల దూరం నుంచి కొట్టే ఆ బంతిని ఆపడానికి గోల్‌కీపర్ ఒక్కడే ఉంటాడు. ముందు వరుస ఆటగాడు పదిసార్లు గురితప్పినా ఒక్క గోల్‌తో మెప్పు పొందుతాడు. డిఫెండర్ పదిసార్లు ఆపి ఒక్కసారి తప్పితే, ఆ ఒక్కటే అందరికీ గుర్తుంటుంది. కాబట్టి అతనికి బలంకన్నా ఓర్పు ముఖ్యం.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 14.1

1. గోల్ వెడల్పు ఎంత?
2. పెనాల్టీని ఎంత దూరం నుంచి కొడతారు?

14.3 హైదరాబాదులో ఒక గురువు

సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ఆయన శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో బంగారు పతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది.

1962లో జకార్తాలో జరిగిన ఒక సంఘటన గమనించండి. పంజాబ్‌కు చెందిన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం ఆయనను ముందు వరుసలో ఆడించారు. జర్నైల్ సెమీఫైనల్‌లోనూ, ఫైనల్‌లోనూ గోల్ చేశారు. ఫైనల్‌లో భారత్ దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించింది. వెనుక నిలబడి ఆటంతా చూసేవాడికి ముందు వరుస పని కూడా తెలుస్తుందనడానికి ఇది మంచి ఉదాహరణ. మరుసటి సంవత్సరం, 1963 జూన్‌లో, రహీం క్యాన్సర్‌తో మరణించారు.

14.4 నయీముద్దీన్ క్రీడాజీవితం

సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదువారు. రహీం తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు ద్వారానే ఆయన పెద్ద పోటీలలోకి వచ్చారు. తరువాత కలకత్తా వెళ్లారు. అక్కడి మూడు పెద్ద క్లబ్బులైన ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు.

1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో ఆయన భారత జట్టుకు నాయకత్వం వహించారు. మూడో స్థానం కోసం జరిగిన పోటీలో భారత్ జపాన్‌ను 1-0 తేడాతో ఓడించి కాంస్య పతకం గెలుచుకుంది. ఒక్క గోల్ చేసి, ఒక్కటి కూడా ఇవ్వకుండా గెలిచిన ఆట అది. వెనుక వరుస విలువ అటువంటి ఆటలలోనే తెలుస్తుంది. ఆ తరువాత 2023 హాంగ్‌ఝౌ క్రీడల వరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మరో పతకం రాలేదు. ఆ 1970లోనే నయీముద్దీన్‌కు అర్జున పురస్కారం లభించింది.

ఆడటం మానిన తరువాత ఆయన శిక్షకుడయ్యారు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే సంవత్సరంలో ఐ.ఎఫ్.ఎ. షీల్డ్, డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్ గెలిచింది. అదే సంవత్సరానికి ఆయనకు ద్రోణాచార్య పురస్కారం దక్కింది. 2005లో ఆయన శిక్షణలో భారత జట్టు దక్షిణాసియా పోటీలో విజేతగా నిలిచింది.

అర్జున పురస్కారం ఆటగాడికి ఇస్తారు. ద్రోణాచార్య పురస్కారం గురువుకు ఇస్తారు. ఈ రెండింటి మధ్య 20 సంవత్సరాలు ఉన్నాయి. ఆట ఆగినా ఆయన పని ఆగలేదన్నమాట.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 14.2

1. 1970 ఆసియా క్రీడలు ఎక్కడ జరిగాయి?
2. నయీముద్దీన్‌కు ద్రోణాచార్య పురస్కారం ఏ సంవత్సరానికి లభించింది?

14.5 ఆట తరువాత ఏమిటి?

పూర్వం మన దేశంలో చాలామంది ఆటగాళ్లకు పోలీసు, రైల్వే, బ్యాంకు, ఉక్కు కర్మాగారం వంటి సంస్థలలో ఉద్యోగం ఉండేది. కాలు విరిగినా జీతం ఆగేది కాదు. 1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్, 2007లో ఐ-లీగ్, 2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలయ్యాయి. వీటితో ఆటే వృత్తిగా బతికేవారు పెరిగారు. క్లబ్బుకూ ఆటగాడికీ మధ్య కాంట్రాక్టు ఉంటుంది. దానిలో ఎంతకాలం, ఎంత జీతం, గాయమైతే ఖర్చు ఎవరిది అన్న విషయాలు రాసి ఉంటాయి. ఆ కాగితం చదివి అర్థం చేసుకోలేనివాడు తన కష్టాన్ని ఇతరుల చేతిలో పెట్టినట్టే.

ఎంత గొప్ప డిఫెండర్ అయినా సాధారణంగా 35 ఏళ్ల ప్రాంతంలో ఆట విరమించక తప్పదు. ఆ తరువాత ఇంకా సగం జీవితం మిగిలి ఉంటుంది. శిక్షకుడు కావాలన్నా ఇప్పుడు లైసెన్సు పరీక్షలు రాయాలి. కాబట్టి మీ ఇంట్లోని కుర్రవాడు ఆట కోసం బడి మానేస్తానంటే, ఆట మానమని చెప్పకండి. చదువు కూడా వెనుక వరుస ఆటగాడి వంటిదని చెప్పండి. ముందు వరుస తడబడినప్పుడు ఆదుకునేది అదే. బడి వదిలి మళ్లీ పుస్తకం పట్టిన మీకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కొత్త పదాలు

ప్రత్యర్థి = ఎదుటి పక్షంవాడు
శిక్షకుడు = శిక్షణ ఇచ్చేవాడు
విరమించు = మానుకొను

పాఠ్యాంత ప్రశ్నలు

1. డిఫెండర్‌కు బలంకన్నా ఓర్పు ముఖ్యమని ఎందుకు అంటారు?
2. నయీముద్దీన్ క్రీడాజీవితాన్ని పది వాక్యాలలో రాయండి.
3. మీరు పనిచేసే చోట ఎవరి కంటా పడకుండా అందరినీ ఆదుకునే మనిషి ఎవరు? ఆ మనిషి గురించి ఒక పేరా రాయండి.

పాఠ్యాంతర్గత ప్రశ్నల జవాబులు

14.1: (1) 7.32 మీటర్లు (2) 11 మీటర్లు
14.2: (1) బ్యాంకాక్ (2) 1990