చెడు కొలెస్ట్రాల్ – ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన సంగతి

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసులలో పనిచేసే ముప్పై, ముప్పై అయిదేళ్ళ వారికి గుండెపోటు వచ్చినప్పుడు ఇంటివారు అడిగే ప్రశ్న ఒకటే: "సన్నగా ఉంటాడు, సిగరెట్టు తాగడు. మరి ఎందుకిలా జరిగింది?" రోజంతా కూర్చుని చేసే పని, నైట్ షిఫ్టులు, షుగరు, బి.పి. కారణాలు కావచ్చు. అయితే కొందరిలో అసలు కారణం పుట్టుకతోనే వస్తుంది. దానిని తెలుసుకుంటే ఇంట్లో మరొకరిని కాపాడుకోవచ్చు.

రిసెప్టర్లు అంటే ఏమిటి?

మన శరీరంలోని ప్రతి కణం చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. రక్తంలో నుండి కావలసిన వాటిని గుర్తించి పట్టుకోవడానికి ఈ పొర మీద ఉండే ప్రోటీన్లే రిసెప్టర్లు. ఎల్.డి.ఎల్. అనే చెడు కొలెస్ట్రాల్‌ను పట్టుకునే రిసెప్టర్లు ముఖ్యంగా కాలేయంలో పనిచేస్తాయి.

అవి ఎలా పనిచేస్తాయి?

కంపెనీ క్యాబ్‌నే తీసుకోండి. మియాపూర్‌లో ఉద్యోగిని ఎక్కించుకుని, హైటెక్ సిటీలో ఆఫీసు దగ్గర దింపి, మరొకరి కోసం ఖాళీగా తిరిగి వెళ్తుంది. రిసెప్టరు కూడా అంతే. అది ఎల్.డి.ఎల్.ను పట్టుకున్న చోట పొర లోపలికి గుంటపడి, చిన్న సంచిలా తెగి కణంలోకి వెళ్తుంది. సంచిలో ఆమ్లం పెరగగానే రిసెప్టరు పట్టు వదులుతుంది. ఎల్.డి.ఎల్. మాత్రం లైసోజోమ్ అనే భాగానికి చేరి అరిగిపోతుంది. రిసెప్టరు తిరిగి పొర మీదికి వస్తుంది. ఒక్కో ట్రిప్పుకు సుమారు 10 నిమిషాలు. దాదాపు 20 గంటల తన జీవితంలో ఒక రిసెప్టరు వందకు పైగా ట్రిప్పులు వేస్తుంది. ఈ రిసెప్టరును కనుగొని దాని పనితీరును వివరించిన అమెరికా డాక్టర్లు మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది.

అన్ని క్యాబ్‌లూ తిరిగి రావు. పి.సి.ఎస్.కె.9 అనే మరో ప్రోటీను అంటుకున్న రిసెప్టరు వెనక్కి రాలేక, పాత బండి తుక్కు కిందికి పోయినట్లు, లైసోజోమ్‌లోనే నాశనమవుతుంది.

లోపం ఎలా వస్తుంది?

సుమారు 250 నుండి 300 మందిలో ఒకరికి ఈ ఏర్పాటులో పుట్టుకతోనే లోపం ఉంటుంది. తిండి ఎంత తగ్గించినా వారి రక్తంలో ఎల్.డి.ఎల్. ఎక్కువగానే ఉంటుంది. తల్లికి గాని తండ్రికి గాని ఈ లోపం ఉంటే, ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. మేనరికాలలో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. రెండు వైపుల నుండీ వచ్చిన పిల్లలకు చిన్న వయసులోనే గుండెపోటు రావచ్చు. ఇది ఎవరి తప్పూ కాదు, ఎవరినీ నిందించవద్దు.

మందులు ఏమి చేస్తాయి?

స్టాటిన్ మాత్రలు కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తాయి. అప్పుడు కాలేయం మరిన్ని రిసెప్టర్లను పొర మీదికి పంపి, రక్తంలోని ఎల్.డి.ఎల్.ను లాగుకుంటుంది. మాత్ర మానేస్తే కొద్ది వారాలలోనే ఎల్.డి.ఎల్. మళ్ళీ పెరుగుతుంది. పి.సి.ఎస్.కె.9ను అడ్డుకుని రిసెప్టర్లను కాపాడే ఇంజెక్షన్లు 2015 నుండి వాడుకలోకి వచ్చాయి. ఇవి ఖరీదైనవి, అందరికీ అవసరం ఉండవు.

మీరు చేయవలసినవి

1. పెద్దవారిలో ఎల్.డి.ఎల్. 190 లేక అంతకు మించి ఉంటే తప్పక డాక్టరుకు చూపించండి. కంపెనీ హెల్త్ చెకప్ రిపోర్టును చదవకుండా పక్కన పెట్టవద్దు.
2. ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చిన వారు ఉంటే, తోబుట్టువులకు, పిల్లలకు కూడా రక్త పరీక్ష చేయించండి.
3. మడమ వెనుక నరం మీద, వేళ్ళ కణుపుల మీద గడ్డల వంటివి కనబడితే చెప్పండి.
4. డాక్టరును అడగకుండా మాత్రలు మానవద్దు. గర్భం కోరుకునే స్త్రీలు ముందుగానే డాక్టరుకు తెలియజేయాలి.

మంచం మీద ఉన్న మీ వారి కోసం ప్రార్థించండి. దానితో పాటు, ఇంటికి వెళ్ళే ముందు మీ రక్త పరీక్ష సంగతి కూడా డాక్టరును అడగండి. దేవుడిచ్చిన ప్రాణాన్ని కాపాడుకోవడం కూడా మన బాధ్యతే.