ఆసుల జత చేతిలో ఉన్నప్పుడు

నంద్యాల

అల్లుడూ,

నువ్వు రాసిన ఆట వివరం శ్రద్ధగా చదివాను. 4-8 డాలర్ల లిమిట్ హోల్డెమ్ పోకర్ టేబుల్. నీ చేతిలో ఇస్పేటు ఆసు, కళావరు ఆసు. మొదట్లోనే రేజ్ చేశావు. నీతో కలిపి ఐదుగురు తలా 8 డాలర్లు వేశారు. పరిచిన మూడు ముక్కలు ఆటీను జాకీ, ఆటీను తొమ్మిది, ఇస్పేటు నాలుగు. నువ్వు 4 కడితే ముగ్గురు కాల్ చేశారు. నాలుగో ముక్క ఆటీను పది. నువ్వు 8 కట్టావు. అంతదాకా కిక్కురుమనకుండా కాల్ చేస్తూ వచ్చిన పెద్దాయన 16 చేశాడు, మిగతా ఇద్దరూ తప్పుకున్నారు. నువ్వు 24 అన్నావు, ఆయన 32 చేసి, ఇక పెంచే వీల్లేకుండా క్యాప్ పెట్టేశాడు. చివరి ముక్క డైమను రెండు. ఆయన కట్టిన 8కి నువ్వు కాల్ చేసి చూస్తే ఆటీను రాజు, ఆటీను ఏడు. ఐదు ఆటీనుల ఫ్లష్.

"ఆసుల జతే ఓడిపోతే నేనేం చేసేది మామా, అంతా ఖర్మ" అని రాశావు. ఆ మాట నేను ఒప్పుకోను. ఓడిపోవడం ముక్కల చేతిలో ఉంది, నిజమే. ఎంత ఓడిపోవాలన్నది మాత్రం నీ చేతిలోనే ఉంది. చివరి రెండు ముక్కల మీద నువ్వు పోగొట్టుకున్నది 40 డాలర్లు. పెద్దాయన 16 చేసినప్పుడు ఊరికే కాల్ చేసి, ఆఖర్న ఇంకో 8 కట్టి చూసుంటే 24తో పోయేది. తేడా 16, అంటే 8 చొప్పున రెండు పెద్ద బెట్లు. టేబుల్ దగ్గర కూర్చుని ఆడే లిమిట్‌లో బాగా ఆడేవాడికి గంటకు ఒక పెద్ద బెట్ మిగిలితే మంచి ఆటగాడంటారు. ఆ లెక్కన ఒక్క రేజ్‌తో నీ రెండు గంటల కష్టం ఆవిరైపోయింది. ఓడిన చేతుల మీద ఇట్లా మిగుల్చుకున్న బెట్లే ఏడాది తిరిగేసరికి లాభంగా కనపడతాయి.

ఆ పెద్దాయన ఏం చెప్పాడో వినాల్సింది. లిమిట్‌లో నాలుగో ముక్క దగ్గర బెట్ రెట్టింపవుతుంది కదా. అందుకే గట్టి చెయ్యి ఉన్న చాలామంది మూడు ముక్కలప్పుడు మెదలకుండా ఉండి, బెట్ పెరిగాక రేజ్ చేస్తారు. అందులోనూ ఎప్పుడూ రేజ్ చేయని మనిషి, సరిగ్గా మూడో ఆటీను పడగానే, మొదట్నుంచీ కట్టుకుంటూ వస్తున్న నీ మీద రేజ్ చేశాడు. ఒక్క జతతో ఆ పని చేసే మనిషి కాదు ఆయన. ఫ్లష్ ఉండొచ్చు, రాణీ ఎనిమిదితోనో ఎనిమిదీ ఏడుతోనో వరస కుదిరి ఉండొచ్చు, జాకీ పదితో రెండు జతలు పడి ఉండొచ్చు. నీ ఆసుల జత వీటన్నిటికంటే కింద.

రేజ్ చేసే ముందు నిన్ను నువ్వు అడగాల్సింది "నా చెయ్యి గొప్పదా?" అని కాదు. "నేను ఇంకో 8 పెడితే, నాకంటే తక్కువ చేతితో ఈ మనిషి దాన్ని కడతాడా?" అని. కడతాడనిపిస్తే రేజ్ చెయ్. గొప్ప చేతులు మాత్రమే కట్టేటట్టుంటే నీ రేజ్ ఎదుటివాడికి ఇచ్చే కానుక. ఎదుటివాడు అటూ ఇటూ ఊగే కుర్రాడై, ప్రతి ముక్క మీదా రేజ్ చేసేవాడై ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు అదే ఆసులతో, అదే ముక్కల మీద నువ్వు చేసిన రేజ్ తప్పు కాకపోవచ్చు. అందుకే ముక్కలకంటే ముందు మనుషుల్ని చూడమంటాను.

ఇది చదివి నువ్వు రెండో వైపుకు పడిపోతావేమోనని నాకు భయం. ఆయన రేజ్ చేయగానే ఆసులు పారేయమని నేననడం లేదు. ఆ క్షణాన మధ్యలో ఉన్న డబ్బు లెక్కపెట్టు: మొదట 40, మూడు ముక్కల మీద 16, నీ 8, ఆయన 16. మొత్తం 80. దానికి నువ్వు పెట్టాల్సింది 8, ఆఖర్న మరో 8. ఆయన ఆఖరి 8 కూడా కలుపుకుంటే 88 కోసం 16 పెడుతున్నావు. ఆరుసార్లలో ఒక్కసారి ఆయన తప్పుడు ధైర్యంతో రేజ్ చేసినా నీకు నష్టం లేదు. నీ ఆసుల్లో ఒకటి ఆటీనుదై ఉంటే ఆలోచించే పనే లేదు, ఆయనకు ఫ్లష్ ఉన్నా ఇంకో ఆటీను పడితే దాన్ని మించిన ఫ్లష్ నీకొస్తుంది. నో లిమిట్‌లో ఇలాంటి చోట ఎదుటివాడు నీ ముందున్నదంతా అడగగలడు, కాబట్టి అక్కడ పారేయడం తరచు తెలివైన పనే. లిమిట్‌లో అడిగే ధరకు హద్దుంది, మధ్యలో పేరుకున్న డబ్బు పెద్దది. ఒక బెట్ మిగుల్చుకోబోయి పది బెట్లు వదులుకోవడం ఇక్కడ అన్నిటికంటే ఖరీదైన పిరికితనం. తగ్గడమంటే రేజ్ మానడం, షో దాకా నిలబడడం. మీ ఆళ్లగడ్డ శిల్పుల్ని చిన్నప్పట్నుంచీ చూశావు. ముఖం తేలే దగ్గర సుత్తి దెబ్బ తేలికవుతుంది గానీ ఉలి చేతిలోంచి జారదు.

ఇంకో సంగతి. ముక్కను చూసి తగ్గొద్దు, మనిషిని చూసి తగ్గు. ఆటీను పది పడ్డాక కూడా నువ్వు 8 కట్టావు చూడు, అది సరైన పని. మూడు ముక్కలప్పుడు ఒకడి చేతిలో రెండు ఆటీనులున్నా, తర్వాతి ముక్క ఆటీను కావడానికి అవకాశం 45లో 9, అంటే ఐదింట ఒకటే. ఐదింట నాలుగుసార్లు నువ్వే ముందుంటావు. ప్రతి చెడ్డ ముక్కకూ చేతులు ముడుచుకుంటే, జాకీ జతతో కూర్చున్నవాడూ ఫ్లష్ కోసం ఎదురుచూసేవాడూ పైసా కట్టకుండా తర్వాతి ముక్క చూస్తారు. ఎవరూ నోరు తెరవనప్పుడు నువ్వే కట్టాలి.

మూడు ఒకే అంకె ముక్కలు కుదిరినప్పుడు దాచిపెట్టి మురిపిస్తానని కిందటి ఉత్తరంలో రాశావే, ఆ అలవాటు మానుకో. నలుగురైదుగురున్న లిమిట్ టేబుల్‌లో ఎట్లాగూ వాళ్లు కాల్ చేస్తారు. వాళ్ల చేత కట్టించు.

ఆఖరి ముక్క దగ్గర మాత్రం ఒక కొలత గట్టిగా పట్టుకో. ఎదుటివాడు ఏమీ కట్టకుండా చెక్ చేసి ఊరుకున్నాడనుకో. నువ్వు కడితే, వాడు కాల్ చేసిన సందర్భాల్లో సగానికి పైగా నువ్వే గెలవాలి. అట్లా గెలుస్తావనిపిస్తేనే కట్టు, లేకపోతే నువ్వూ చెక్ చేసి ముక్కలు తిప్పు. అంతకుముందు దాకా నీ చెయ్యి ఎంత గొప్పదైనా ఈ కొలతలో దానికి ప్రత్యేక మర్యాద లేదు.

గట్టి చేతితోనూ కాల్ చేయొచ్చనడానికి ఒక యంత్రమే సాక్ష్యం. 2015 జనవరిలో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో మైఖేల్ బౌలింగ్ బృందం ఇద్దరు ఆడే లిమిట్ హోల్డెమ్‌ను దాదాపు పూర్తిగా తేల్చేశామని 'సైన్స్' పత్రికలో ప్రకటించింది. సెఫియస్ అని పేరుపెట్టిన ఆ ప్రోగ్రామ్ 4,800 ప్రాసెసర్ల మీద 68 రోజులు తనతో తానే ఆడుకుని నేర్చుకుంది. అది డీలర్ స్థానంలో ఉన్నప్పుడు, మధ్యలో పరిచే ఐదు ముక్కల్లో ఒక్కటీ పడకముందు జరిగే తొలి పందెంలో, చేతిలో ఆసుల జత ఉన్నా క్యాప్ పెట్టేది పదివేలలో ఒక్కసారి కంటే తక్కువ! అంతకంటే మంచి చెయ్యి ఆ దశలో లేదు, అయినా ఆఖరి రేజ్ మానేసి కాల్ చేస్తుంది. ఆ రేజ్‌తో వచ్చే ఒక్క చిన్న బెట్ కంటే తన చేతిలో ఏముందో ఎదుటివాడికి తెలియకపోవడమే ముందున్న మూడు పందేలలో ఎక్కువ విలువని దాని ఆట చూసి నేను అర్థం చేసుకున్నాను. అయితే అది ఇద్దరి ఆట. నీ టేబుల్‌లో తొమ్మిదిమంది ఉంటారు, అక్కడ తొలి పందెంలో ఆసులతో జంకకుండా రేజ్ చెయ్. యంత్రం నుంచి నువ్వు తీసుకోవాల్సింది ఒక్కటే: అన్నిటికంటే గొప్ప చేతికి కూడా కాల్ అనేది చిన్నతనం కాదు.

సంక్రాంతికి వస్తున్నావని మీ అమ్మ చెప్పింది. కనుమకు అహోబిలం పారువేట మొదలవుతుంది, స్వామి పల్లకి మీ వీధికొచ్చేదాకా ఉండేట్టు చూసుకో. ఊళ్లో మాత్రం డబ్బుకు పేక ముట్టొద్దు, ఫోన్‌లో కూడా. అక్కడ కాలిఫోర్నియాలో నువ్వు కూర్చునే కార్డ్ రూమ్‌లకు లైసెన్సుంది, ఇక్కడి చట్టం వేరు. రమ్మీలో ప్రధానంగా నైపుణ్యమే ఉందని సుప్రీంకోర్టు 1967లో సత్యనారాయణ కేసులో చెప్పింది, అదే తీర్పులో మూడు ముక్కలాటను అదృష్టం ఆటగా విడదీసింది. ఆ రమ్మీ తీర్పు చూపించి నీ స్నేహితులు నిన్ను ఒప్పించబోతారు. అయితే మన రాష్ట్రం 2020లో తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపేసింది. ఆ యాప్‌లలో జీతాలు పోగొట్టుకుని అప్పులపాలైన పిల్లలు మన చుట్టుపక్కల ఉన్నారు. వాళ్ల ఇళ్లు చూసినవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా. అక్కడ కూడా అద్దె, ఇంటికి పంపే డబ్బు పక్కన పెట్టాక మిగిలిందానితోనే కూర్చో.

వచ్చే ఉత్తరంలో ఎంత గెలిచావో, ఎంత పోయిందో రాయొద్దు. గట్టి చేతితో కాల్ మాత్రమే చేసిన ఆటలు రాయి. ఎవరి మీద, ఎందుకు రేజ్ మానావో, షోలో ఎదుటివాడు ఏ ముక్కలు తిప్పాడో వివరంగా పంపు. పండక్కి వచ్చినప్పుడు నంద్యాల్లో మన మిద్దె మీద కూర్చుని ఒక్కొక్కటే చూద్దాం, పేక నా దగ్గరుంది.

మీ మామ