పది శాతం వెనక ఒక బురద చెరువు

"టెన్ పర్సెంట్ లా" స్కూల్లో మనందరం బట్టీ పట్టిందే. గడ్డిలో ఉన్న శక్తిలో పదో వంతే మిడతకి అందుతుంది, మిడతలో పదో వంతు కప్పకి. రెండు మార్కుల ప్రశ్న. నేనూ రాశాను, రెండూ వచ్చాయి. ఆ పది ఎక్కడిదో మాత్రం మొన్నటిదాకా ఆలోచించలేదు. వెతుక్కుంటూ పోతే అమెరికాలో ఒక ఫీల్డ్ స్టేషన్ దగ్గర తేలాను.

ఫీల్డ్ స్టేషన్ అంటే ఏంటి?

కొంత అడవి, గడ్డినేల, చెరువు లాంటివి యూనివర్సిటీ తన చేతిలో ఉంచుకుని, అక్కడే ఏళ్ల తరబడి కొలతలు తీసే చోటు. విద్యార్థులు అక్కడే ఉండి పని నేర్చుకుంటారు. నేను చెప్పేది మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ల సీడర్ క్రీక్ గురించి. మినియాపోలిస్‌కి ఉత్తరాన సుమారు 50 కి.మీ., దాదాపు 2,200 హెక్టార్లు. గడ్డి మైదానం, ఆకు రాల్చే అడవి, పైన్ లాంటి చెట్ల అడవి మూడూ అక్కడ కలుస్తాయి.

చెరువు లెక్క

రేమండ్ లిండెమన్ అనే పరిశోధక విద్యార్థి అక్కడి సీడర్ బాగ్ అనే చిన్న బురద చెరువులో సుమారు ఐదేళ్లు నాచు, పురుగులు, చేపలు అన్నీ కొలిచాడు. భార్య ఎలినార్ సాయం చేసింది. ఎవరిని ఎవరు తింటున్నారన్నది కాకుండా, ఎంత శక్తి ఎటు పోతోందన్నది అతని ప్రశ్న. మొక్కలు పట్టుకున్నది ఎండలో 0.1 శాతమే. వాటిని తినేవాటికి 13.3 శాతం, ఆ పైవాటికి 22.3 శాతం అందుతోందని తేలింది. అంటే మనం రాసిన పది, సులువు కోసం వాడుకునే గుండ్రటి అంకె. అతని పేపర్‌ని మొదట తిప్పి పంపారు. చివరికి 1942లో అచ్చయ్యేసరికి అతను లేడు. 27 ఏళ్లు కూడా నిండకుండానే జబ్బుతో చనిపోయాడు.

కరువు చెప్పిన సంగతి

1982లో అదే సీడర్ క్రీక్‌లో డేవిడ్ టిల్మన్ బృందం గడ్డి మళ్లకి రకరకాల మోతాదుల్లో నత్రజని వేసి చూడటం మొదలుపెట్టింది. ఏటా కొంత గడ్డి కోయడం, ఆరబెట్టడం, తూచడం. అంతే పని. నత్రజని ఎక్కువైన మళ్లలో మొక్కల రకాలు తగ్గిపోయాయి. ఇంతలో 1987–88లో పెద్ద కరువొచ్చింది. ఎవరూ ప్లాన్ చేసింది కాదు. కానీ కరువుకి ముందు లెక్కలు చేతిలో ఉన్నాయి కాబట్టి పోల్చి చూడగలిగారు. రకాలు ఎక్కువున్న మళ్లలో గడ్డి దాదాపు సగానికి తగ్గితే, రకాలు తక్కువున్న మళ్లలో అంతకంటే చాలా దారుణంగా పడిపోయింది.

ఇక్కడ మన బ్రాంచ్ వాళ్లకి డౌట్ రావాలి. తేడా రకాల వల్లా, నత్రజని వల్లా? సరిగ్గా ఈ అభ్యంతరమే అప్పుడూ వచ్చింది. అందుకే 1994లో కొత్త ప్రయోగం పెట్టారు. 9 మీటర్ల చదరంగా 168 మళ్లు. ఒక్కోదాంట్లో 1, 2, 4, 8 లేదా 16 రకాలు, ఏవి వేయాలో ర్యాండమ్‌గా ఎంచి విత్తారు. వేయని మొక్క మొలిస్తే చేత్తో పీకాలి, ప్రతి వేసవిలో. ఆ పని చేసేది ఎక్కువగా మనలాంటి విద్యార్థులే. రకాలు ఎక్కువున్న మళ్లే ఎక్కువ పెరిగాయి. అసలు విషయం ఏంటంటే, ఆ తేడా ఏళ్లు గడిచేకొద్దీ పెద్దదవుతూ వచ్చింది. రెండేళ్లకే ఆపేసి ఉంటే "పెద్ద తేడా లేదు" అని రాసి మూసేసేవాళ్లేమో.

మనం డేటాసెట్ డౌన్‌లోడ్ చేసి, ఖాళీ గడులున్న వరసలు తీసేసి, మోడల్ నడిపేస్తాం. నేనైతే అంతే చేస్తాను. ఇది చదివాక ఒక్కో వరస వెనక ఎండలో వంగి కలుపు పీకిన ఎవరో ఉన్నారని అనిపిస్తోంది. ప్రశ్న ఏంటో తెలియకముందే కొలవడం మొదలుపెట్టినవాళ్లే కరువుకి జవాబు చెప్పగలిగారు.

మన క్యాంపస్‌లో చెట్లనో పిట్టలనో ఏటా ఒకే చోట లెక్కపెట్టి రాస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే చెప్పండి, నేనూ వస్తాను. లేకపోతే ఈ వానాకాలం నుంచే మొదలుపెడదాం.