ఫలక్‌నుమాలో సాయంకాలపు తేనీరు



మన జనగామ, మానుకోట, భూపాలపల్లి పల్లెల్లో 'హోటల్' అంటే బస్టాండు పక్కన రేకుల షెడ్డు, బొగ్గుల పొయ్యి, చాయ్, మిర్చి బజ్జి. ఇంగ్లీషు పాఠంలో 'ఆఫ్టర్‌నూన్ టీ' అన్న మాట వచ్చినప్పుడు మనకు ఆ షెడ్డే మదిలో మెదులుతుంది. కానీ ఆ మాట వెనుక వేరే కథ ఉన్నది. దాన్ని మన రాష్ట్రంలోనే ఒకచోట కళ్ళారా చూడవచ్చు. అది హైదరాబాదులోని ఫలక్‌నుమా ప్యాలెస్.

ముందుగా ఈ అలవాటు ఎక్కడిదో తెలుసుకుందాం. 1840 ప్రాంతంలో ఇంగ్లండులో దొరల ఇళ్ళల్లో రాత్రి భోజనం బాగా ఆలస్యమయ్యేది. పగటి తిండికీ దానికీ నడుమ ఆకలికి ఆగలేక బెడ్‌ఫోర్డ్ డచెస్ అన్నా మరియా అనే ఆమె టీతో పాటు రొట్టె, వెన్న తెప్పించుకునేదనీ, తర్వాత స్నేహితురాళ్ళను కూడా పిలవడం మొదలుపెట్టిందనీ చెబుతారు. అట్లా అది పల్లెటూళ్ళలోని పెద్ద బంగళాల మర్యాద అయింది. తర్వాతి కాలంలో ఆ బంగళాలు ఎన్నో హోటళ్ళుగా మారినవి, టీ మర్యాద మాత్రం మిగిలింది.

ఇక్కడ ఒక తమాషా ఉన్నది. మన హోటళ్ళవాళ్ళు దీన్ని 'హై టీ' అని గొప్పగా రాస్తారు. నిజానికి ఇంగ్లండులో 'హై టీ' అనేది ఫ్యాక్టరీ కూలీల మాట. పని నుంచి ఇంటికొచ్చి, ఎత్తు బల్ల దగ్గర కూర్చుని, మాంసం, రొట్టెలతో కడుపునిండా తినే సాయంత్రపు భోజనం అది. కూలోళ్ళ మాట రాజమహలు మెనూలోకి ఎక్కి కూర్చున్నది!

ఆ టీ ఆకు సంగతి కూడా మరువరాదు. అస్సాం టీ మొదటిసారి లండన్ వేలానికి వచ్చింది 1839లో. ఆ తర్వాత తోటలు పెరిగిన కొద్దీ కూలీలు కావలసి వచ్చి, ఇతర ప్రాంతాలతో పాటు గంజాం, విశాఖ ప్రాంతాల నుంచి కూడా పేదలను ఒప్పందాల మీద అస్సాంకు తరలించారు. వారి వారసులలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. పింగాణీ కప్పులో దొరసాని తాగిన తేనీరులో మనవాళ్ళ చెమట కూడా ఉన్నదన్నమాట.

ఇక ఫలక్‌నుమా. ఈ పేరుకు ఆకాశానికి అద్దం అని అర్థం. పాయిగా వంశానికి చెందిన నవాబు వికారుల్ ఉమ్రా 1884లో దీనికి పునాది వేశాడు. కట్టడానికి దాదాపు తొమ్మిదేళ్ళు పట్టింది. తర్వాత అది ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి వచ్చింది. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఇందులో ఉన్నది. చాలాకాలం మూతపడి ఉన్న మహలును బాగుచేసి తాజ్ సంస్థ 2010 నవంబరులో హోటలుగా తెరిచింది. అందులో జేడ్ రూమ్ అనే గదిలో మధ్యాహ్నం దాటాక టీ ఇస్తారు. ముందుగా బుక్ చేసుకోవాలి. ఖర్చు మనిషికి వేలల్లో ఉంటుంది, అది దాచి చెప్పవలసిన పని లేదు.

బల్ల మీద ఏముంటుంది? ఇంగ్లీషు పద్ధతిలో మూడంతస్తుల పళ్ళెం పెడతారు. కింద చిన్న శాండ్‌విచ్‌లు, నడుమ 'స్కోన్' అనే మెత్తటి రొట్టె, పైన కేకులు. కింది నుంచి పైకి తినాలి. స్కోన్‌ను చేత్తోనే రెండుగా విడదీసి జామ్, మీగడ రాసుకోవచ్చు, కత్తితో కుస్తీ పట్టనక్కరలేదు. డికాక్షన్ వేరు, పాలు వేరు, చక్కెర వేరు. మన ఇరానీ చాయ్‌లోనూ డికాక్షన్, పాలు వేరువేరుగా కాగి కప్పులోనే కలుస్తాయి గదా, కాబట్టి భయపడేదేమీ లేదు. చెంచాను కప్పుకు తగిలి మోగకుండా తిప్పి సాసరులో పెట్టాలి. సాసరులో పోసుకుని తాగడం అక్కడ అలవాటు లేదు. అయితే వేడి చల్లార్చడానికి అంతకంటె మంచి ఉపాయం లేదని నా అభిప్రాయం. ఏది ఎట్లా తినాలో తెలియకపోతే వడ్డించేవాళ్ళను అడగండి. చెప్పడం వాళ్ళ ఉద్యోగంలో భాగం.

ఇదంతా మనకెందుకు అని కొందరు తమ్ముళ్ళు అడగవచ్చు. కప్పు సంగతి మనకు చిన్న సంగతి కాదు. మన తాతల కాలంలో గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతబట్టుకోవలసి వచ్చేది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణాలు పోయింది అలాంటి దొరతనానికి ఎదురు నిలిచినందుకే. గడీల సంగతి అట్లా ఉంటే, ఊరి టీ హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి. మనవాళ్ళకు వేరే గ్లాసు, తాగిన తర్వాత కడిగి పెట్టవలసింది కూడా మనవాళ్ళే. 2001లో నివేదిక ఇచ్చిన జస్టిస్ పున్నయ్య కమిషన్ కూడా ఈ దురాచారాన్ని ప్రస్తావించింది.

రాజ్యాంగం 15(2) అధికరణంలో దుకాణాలు, హోటళ్ళ పేర్లు ఊరికే రాయలేదు. కులం పేరిట అక్కడికి రానీయకపోవడం చెల్లదు. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. 1955 నాటి చట్టాన్ని 1976 నుంచి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటున్నారు. దాని 4వ సెక్షన్ హోటల్లో ఉన్న పాత్రలను వాడుకోనివ్వకపోవడం కూడా నేరమని చెబుతుంది. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా. గ్లాసు గురించి కూడా పార్లమెంటు ఆలోచించిందంటే ఆ గ్లాసు ఎంత గాయం చేసి ఉంటుందో గ్రహించండి. ఊరి షెడ్డుకైనా, ఫలక్‌నుమాకైనా ఈ చట్టం ఒక్కటే. హోటలు ధర పెట్టవచ్చు, ముందే బుక్ చేసుకొమ్మనవచ్చు, ఫలానా దుస్తుల్లో రమ్మనవచ్చు. కులం మాత్రం అడగరాదు.

ఆ గదిలోకి పోవడానికి మరో దారి ఉన్నది. ఇంటర్ పాసైనవారు జాతీయ హోటల్ మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్ష రాయవచ్చు. హైదరాబాదు విద్యానగర్‌లో కేంద్ర ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉన్నది. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు కేటాయిస్తారు. పరీక్షలో ఇంగ్లీషుకు ప్రాధాన్యం ఎక్కువ గనుక ఇప్పటి నుంచే రోజూ ఒక పేజీ బిగ్గరగా చదవండి.

వెళ్ళి చూడాలనుకునే పూర్వ విద్యార్థులకు దారి చెబుతాను. జనగామ, మానుకోటవాళ్ళు రైలులో సికింద్రాబాదు దిగి, అక్కడ ఎం.ఎం.టి.ఎస్. ఎక్కితే ఫలక్‌నుమా స్టేషన్‌కు చేరవచ్చు. భూపాలపల్లివాళ్ళు ముందు బస్సులో హన్మకొండ రావాలి. స్టేషన్ నుంచి కొండ మీదికి ఆటో మాట్లాడుకోండి. బుకింగ్ కాగితం మాత్రం మరచిపోకండి, గేటు దగ్గర మొదట అడిగేది అదే.